వదినకిచ్చిన సీటు

మా ఇంట్లో చదువుల్ని గడియారం చూసి ఎంచుకునేవాళ్ళం. వేరే ఇళ్ళల్లో పిల్లలు ఏ సబ్జెక్టు ఇష్టమో, ఏది చదివితే ఉద్యోగం దొరుకుతుందో ఆలోచిస్తారట. మాది బేకరీ. బ్రెడ్డుకి మన ఇష్టాయిష్టాలతో పనిలేదు. తెల్లారేసరికి బట్టీలోంచి బయటికి రావాలి, ఎండెక్కేలోపు అమ్ముడుపోవాలి. అందుకని పొద్దున పూట చెప్పే సబ్జెక్టు ఎంత గొప్పదైనా మాకు పనికిరానిదే, మధ్యాహ్నం చెప్పేది ఎంత చప్పిడిదైనా మాకు మంచిదే.

మాకు అంటే నాకూ, మా వదినకీ. ఇద్దరం ఒకే యూనివర్సిటీలో, ఒకే తరగతిలో ఎకనామిక్స్ చదువుతున్నాం. పెళ్ళప్పుడు ఆపేసిన చదువుని వదిన మళ్ళీ మొదలుపెట్టింది. మొదట్లో తరగతిలో మమ్మల్ని అక్కచెల్లెళ్ళనుకున్నారు. వదినా ఆడపడుచులమని తెలిశాక, "మరి కొట్టుకోరా?" అని అడిగేవారు. "ఇంటి దగ్గర కొట్టుకుంటాం, ఇక్కడ తీరికుండదు" అనేది వదిన. నిజానికి ఇంటి దగ్గరా మాకు తీరిక ఉండేది కాదు.

ఆఖరి ఏడాది మొదలయ్యే ముందు, వానలు పట్టిన కొత్తలో, అమ్మ కొట్లో తడి గచ్చు మీద జారిపడి మడమ దగ్గర ఎముక విరగ్గొట్టుకుంది. డాక్టరు పిండికట్టు వేసి, ఈ వానలు వెళ్ళేదాకా కాలు కింద పెట్టొద్దన్నాడు. "మనింట్లో పిండికేం తక్కువనే, ఆస్పత్రిదాకా వెళ్ళి వేయించుకొచ్చావు?" అన్నాడు నాన్న. అమ్మ నవ్వలేదు. నాన్న కూడా కాసేపాగి నవ్వు మానేశాడు, ఎందుకంటే పొద్దుటి కౌంటరు అమ్మది. నాన్న తెల్లవార్లూ పిండి పిసికి, బట్టీ దగ్గర నిలబడి, పొద్దెక్కాక పడుకుంటాడు. అన్నయ్య వ్యాన్లో హోటళ్ళకీ హాస్టళ్ళకీ బ్రెడ్డు దించి వచ్చేసరికి ఎండ నడినెత్తికొస్తుంది. ఇక మిగిలింది మేమిద్దరం.

సరిగ్గా ఆ వారమే కోర్సులు ఎంచుకోవాలి. మిగతావన్నీ ఎలాగో మధ్యాహ్నాలకి సర్దేశాం. ఒక్కటి మాత్రం సర్దుబాటు కాలేదు. ఎకనామెట్రిక్స్. ఆర్థికశాస్త్రాన్నంతా లెక్కల్లో పెట్టి తేల్చే సబ్జెక్టు అది. ఏడాదికి ఒకసారే చెప్తారు, పొద్దున్నే చెప్తారు, అది లేనివాళ్ళని పీజీలోకి రానివ్వరు. మొదటి ఏడాది నుంచీ వదిన దానికోసం కాచుకుని ఉంది. ఆ తరగతి కిటికీ ముందునుంచి వెళ్ళేటప్పుడల్లా నడక నెమ్మది చేసి బోర్డు మీద ఏముందో చదువుకుంటూ వెళ్ళేది. నేను ముందుకెళ్ళిపోయి, వెనక్కి తిరిగి, "రా వదినా, నీ మొగుడేం లేడక్కడ" అని ఏడిపించేదాన్ని.

అమ్మ మంచం చుట్టూ కూర్చున్నాం ఆ సాయంత్రం.

"ఎవరో ఒకరు పొద్దున ఉండక తప్పదు" అన్నాడు అన్నయ్య, దుప్పటి వైపు చూస్తూ.

"బన్ను చదువు పాడవకూడదు" అంది అమ్మ. బన్ను అంటే నేను. చిన్నప్పుడు బుగ్గల్ని చూసి నాన్న పెట్టిన పేరు, ఇప్పటికీ వదల్లేదు.

ఆ తర్వాత ఎవరూ వదిన వైపు చూడలేదు. అందరూ కలిసి చూసినా అంత స్పష్టంగా ఉండేది కాదు.

"నేనుంటానులెండి అత్తయ్యా" అంది వదిన. "నాకెటూ ఆ లెక్కలంటే తలనొప్పి."

అది అబద్ధమని ఆ గదిలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నా నోట్లో రస్కు ఉంది. దాన్ని నమలడం ముగిసేలోపు మాట వేరేవైపు వెళ్ళిపోయింది. ఎంచుకోవడం అయిపోయింది. నాకు ఎకనామెట్రిక్స్, వదినకి ఆ వేళలో కౌంటరు. ఆ క్షణం నుంచే నాకు తప్పు చేసినట్టు ఉంది. ఎదుటి మనిషి పళ్ళెంలోది తీసుకుని తినేసి, "నీకాకలి లేదన్నావు కదా" అన్నట్టు.

* * *

ఎకనామెట్రిక్స్ చెప్పే మేడమ్‌ని అందరూ తేలిక మేడమ్ అనేవారు. బోర్డు నిండా గ్రీకు అక్షరాలు రాసి, సుద్ద చేతులు దులుపుకుని, "తేలిగ్గానే ఉంది కదా!" అనేది. ముందు బెంచీల వాళ్ళు తలలూపేవారు. మొదటి క్లాసు నాకూ తేలిగ్గానే ఉంది, ఎందుకంటే ఆ రోజు హాజరు తీసుకుని వదిలేశారు. రెండో క్లాసు నుంచీ ఏమీ తెలియలేదు. తెలియకపోవడం అంటే కష్టంగా ఉండటం కాదు. కష్టమైతే కనీసం ఎక్కడ కష్టమో తెలుస్తుంది. నాకు ప్రశ్నేమిటో కూడా తెలిసేది కాదు. పక్కమ్మాయి పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు దించుకుని ఇంటికొచ్చేదాన్ని.

వచ్చేసరికి వదిన కౌంటర్లో ఉండేది. తల చుట్టూ గుడ్డ, మెడలో ఏప్రన్, మోచేతుల దాకా బ్రెడ్డు పొడి. నా పుస్తకం లాక్కుని, ఒక చేత్తో బన్నులు పొట్లం కడుతూ, రెండో చేత్తో పేజీలు తిప్పేది.

"ఓహో, ఇదా!" అంది ఒకరోజు. వాన జోరుగా ఉంది, కొట్లో ఎవరూ లేరు. "ఇలా చూడు బన్నూ. వాన పడ్డ రోజు మన బన్నులు మిగిలిపోతాయి కదా. ఎందుకు?"

"వాన కాబట్టి."

"వాన పడితే బడికి సెలవిస్తారు. పిల్లలు రారు. మరి అమ్మకం పడిపోయింది వానవల్లా, సెలవువల్లా?"

"రెండింటివల్లా."

"ఏది ఎంత?"

నేను బుర్ర గోక్కున్నాను.

"అదే, చెప్పలేం" అంది వదిన, నిధి దొరికినట్టు. "రెండూ ఎప్పుడూ కలిసే వస్తే ఏ పాపం దేనిదో విడదీయలేం. వాన పడ్డా బడి ఉన్న రోజులు కొన్ని కావాలి. సెలవైనా వాన లేని రోజులు కొన్ని కావాలి. అప్పుడు తేలుతుంది. మీ మేడమ్ ఇంతసేపూ చెప్పింది ఇదే."

మేడమ్ అంతసేపు చెప్పినది నాకు అందలేదు, వదిన పొట్లం కడుతూ చెప్పినది అందింది. ఈవిడ ఉండాల్సిన చోట నేను కూర్చుంటున్నాను, అదీ నిద్రపోతూ.

ఇంతలో ఎవరో గొడుగు ముడుచుకుంటూ లోపలికొచ్చారు. వదిన పుస్తకం మూసి నాకిచ్చేసింది. ఇచ్చేముందు అట్ట మీద పడ్డ పిండిని ఏప్రన్‌తో తుడిచింది. ఆ తుడవడం చూశాక ఇక ఆగలేకపోయాను.

* * *

కోర్సులు మార్చుకోవడానికి గడువు ఇంకా ఉంది. తేలిక మేడమ్ గదికి వెళ్ళి నిలబడ్డాను.

"మేడమ్, నా సీటు మా వదినకిస్తారా?"

"ఇదేమైనా బస్సు సీటా, రుమాలేసి ఉంచి పక్కవాళ్ళకివ్వడానికి?" అంది. తర్వాత కూర్చోమంది. ఇంటి సంగతంతా చెప్పాను. అమ్మ కాలు, కౌంటరు, వాన, బన్నులు. చెప్తుంటే నాకే ఏడుపొచ్చింది. ఆవిడ శ్రద్ధగా విన్నది.

"నువ్వు మానేస్తే సీటు ఖాళీ అవుతుంది. ఆవిడ చేరొచ్చు. అందులో ఇబ్బందేం లేదు" అని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "కానీ ఒక్కటడుగుతాను. నీకు పాఠం అర్థంకాక వదిలేస్తున్నావా? అదే అయితే సిగ్గుపడక్కర్లేదు. సాయంత్రాలు రా, మొదటినుంచీ మళ్ళీ చెప్తాను. మీ వదిన సంగతి వేరేగా చూద్దాం. పొద్దున రాలేనివాళ్ళకి ఏదో ఒక దారి వెతుకుతాను."

అంతకంటే మంచిగా ఎవరూ అడగలేరు. "అవును మేడమ్, నాకొక్క ముక్క అర్థం కావడంలేదు" అంటే సరిపోయేది. కానీ అప్పటికే వదిన కోసం వచ్చినదాన్నని నన్ను నేనే మెచ్చుకుంటూ కూర్చున్నాను. ఆ మెప్పులోంచి దిగాలనిపించలేదు.

"అర్థమవుతోంది మేడమ్. వదిన కోసమే."

"అయితే తేలిగ్గానే ఉందంటావు" అని నవ్వింది.

"తేలిగ్గానే ఉంది మేడమ్" అన్నాను.

* * *

మా ఇంట్లో చీకటి పడకముందే భోజనాలైపోతాయి. నాన్న బట్టీ వెలిగించాలి కదా. ఆ సాయంత్రం అందరూ కూర్చున్నాక చెప్పాను. చెప్పే తీరు దారిపొడుగునా అనుకుంటూ వచ్చాను. ఏదో మామూలు సంగతిలా, గరిటె అందుకుంటూ చెప్పాలని. అలాగే చెప్పాను.

అమ్మ మంచం మీదనుంచే గోల మొదలుపెట్టింది. "నీకు మతిగానీ పోయిందా? చేతికందిన సీటు ఎవరైనా వదులుకుంటారా?" అన్నయ్య ముద్ద కలుపుతూ ఆగిపోయాడు. వాడి మొహంలోకి సంతోషం వచ్చింది, వెంటనే అమ్మని చూసి వెళ్ళిపోయింది. వదిన మాత్రం గిన్నె కింద పెట్టి నన్నే చూస్తోంది.

"నన్నడిగావా?"

"అడిగితే వద్దంటావని..."

"అంటాను. ఎందుకంటానో తెలుసా? రేపట్నుంచి నువ్వు కౌంటర్లో నిలబడతావు, నేను పుస్తకాలు పట్టుకుని గుమ్మం దిగుతాను. నీ మంచితనం వచ్చినవాళ్ళందరికీ కనిపిస్తుంది. నేను దిగడమూ కనిపిస్తుంది." గొంతు తగ్గించింది. "నీకిన్నాళ్ళూ లోపల తొలుస్తోందని నాకు తెలుసు బన్నూ. దాన్ని తీసి నా నెత్తిన పెట్టావు."

"అదేం మాట వదినా! నీకిష్టమని కదా..."

"ఇష్టం కాబట్టే అంటున్నాను."

నాన్న చెయ్యి కడుక్కుని లేచాడు. "కొట్లాట రేపటికి ఉంచండి. అక్కడ పిండి పొంగుతోంది" అన్నాడు. గుమ్మం దగ్గర ఆగి, వదినతో, "వెళ్ళమ్మా. ఎవరో ఒకరు నేర్చుకుని రండి. నాకు మాత్రం ఈ మిగిలిపోయే బన్నుల లెక్క తేల్చండి చాలు" అన్నాడు.

వదిన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోనాడు పొద్దున చూస్తే ఎకనామెట్రిక్స్ పుస్తకానికి అట్ట వేసుకుంటోంది. మూలలు మడిచి, గోరుతో నొక్కి, అంత నీటుగా. నన్ను చూసి పుస్తకం ఒళ్ళో దాచుకుంది, దొంగసొమ్ములా.

* * *

ఇక అక్కణ్ణుంచి నా భోగం మొదలైంది.

ముందే చెప్తున్నాను, కౌంటరు పని నాకెంతో నచ్చింది. వేడి బ్రెడ్డు వాసన, వచ్చేపోయే జనం, రకరకాల కబుర్లు. ఎవరికి మెత్తటిది కావాలో, ఎవరికి అంచు మాడింది కావాలో వారం తిరక్కుండానే నేర్చేసుకున్నాను. క్లాసులో రాయిలా కూర్చున్నదాన్ని ఇక్కడ చేపపిల్లనయ్యాను. పైగా దానికి పేరు త్యాగం.

రోజూ బ్రెడ్డు కోసం వచ్చే రిటైరైన హెడ్మాస్టరుకి అమ్మ అంతా చెప్పేసింది. కాలు కదలకపోతేనేం, నోరుంది కదా. ఆయన వచ్చినప్పుడల్లా గొడుగు నేలకి ఆనించి, "ఆడపడుచు అర్ధమొగుడంటారు. నువ్వు సగం తల్లివమ్మా!" అనేవాడు. నేను తల వంచుకుని బ్రెడ్డు చుట్టేదాన్ని. ఆయన దాన్ని వినయమనుకున్నాడు. తేలు కుట్టిన దొంగ కూడా అలాగే ఉంటాడని ఆయనకి తోచలేదు.

ఒట్టిపోయిన ఆవుని దానమిచ్చి పుణ్యం మూటగట్టుకున్నాను నేను. అది తెలుసు నాకు. మళ్ళీ, పూర్తిగా ఒట్టిపోయిన ఆవా అంటే అదీ కాదు. వదిన పుస్తకం తుడవడం చూసి నిజంగానే గుండె పిండినట్టయింది కదా! వదిన మీద జాలి ఎంత, పాఠం రాకపోవడం ఎంత? రెండూ కలిసే వచ్చాయి కాబట్టి విడదీయలేమని నాకు నేను నచ్చజెప్పుకునేదాన్ని. ఎకనామెట్రిక్స్‌లో నేను నేర్చుకున్న ఒకే ఒక పాఠాన్ని అలా వాడుకున్నాను.

వదిన మాత్రం నా రుణం తీర్చుకోవడం మొదలుపెట్టింది. నేను లేవకముందే వంటా, అమ్మ పనులూ అన్నీ ముగించేసేది. ఎన్నడూ లేనిది నా బట్టలు ఉతకసాగింది. "నువ్వు పొద్దంతా నిలబడుతున్నావు, వంగి ఉతుకుతావా ఏం?" అనేది. సాయంత్రం ఉప్పువేసిన వేడినీళ్ళు పళ్ళెంలో తెచ్చి నా కాళ్ళముందు పెట్టేది. పాలమీద మీగడ నా గ్లాసులోకే వచ్చేది. మొదట్లో వద్దన్నాను. తర్వాత్తర్వాత కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. ఇది చెప్పడానికి నాకిప్పటికీ మొహం చెల్లదు, కానీ వేడినీళ్ళు హాయిగా ఉండేవి.

అమ్మ సూటిగా ఏమీ అనేది కాదు. గోడకి చెప్పేది. "ఒకరి నోటి ముద్ద లాక్కుంటే ఒంటికి పడుతుందా!" వదిన పుస్తకాల సంచి తగిలించుకుని చెప్పులేసుకునే వేళకి సరిగ్గా గోడకి ఆ కబురు అందేది.

"ఊరుకో అమ్మా" అనేదాన్ని నేను.

అంతే. "ఊరుకో" అంటే నా మంచితనం ఇంకో మెట్టెక్కేది, వదిన తల ఇంకో అంగుళం వంగేది. అది చూస్తూనే అనేదాన్ని.

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, నాతో చదివే అమ్మాయి ఒకతి కొట్టుకొచ్చింది. "మీ వదినకి స్వీట్లు పంచమని చెప్పు. నడిమి పరీక్షలో క్లాసు మొత్తానికి ఫస్టు. తేలిక మేడమ్ ఆవిడ పేపరు బోర్డు పక్కన అంటించింది!" అంది.

ఇంట్లో ఎవరికీ తెలియదు. అన్నయ్యక్కూడా.

వదిన వచ్చాక పెరట్లో పట్టుకున్నాను. తొట్టి దగ్గర నా బట్టలే ఉతుకుతోంది.

"ఫస్టొచ్చావట. ఎందుకు చెప్పలేదు?"

చేతులు ఆపలేదు. "ఏ మొహం పెట్టుకుని చెప్పను? నీకు రావాల్సిన మార్కులు కదా అవి."

"నాకా..." అన్నాను. నాకు ఆ మార్కులెక్కడివి! గుడ్డివాడికి అద్దం ఇచ్చినట్టు. మాట గొంతుదాకా వచ్చింది. నాలిక మీదికి కూడా వచ్చిందనుకుంటాను.

"చిత్రమేంటంటే" అంది వదిన, నా లంగా జాడిస్తూ, "అక్కడ కూర్చున్నంతసేపూ నాకు ఒళ్ళు తెలియదు. బోర్డు తప్ప ఏం కనిపించదు. బయటికి రాగానే నువ్వు గుర్తొస్తావు. దొంగతనంగా తిన్నట్టుంటుంది. కావాలంటే నీకు రాత్రిళ్ళు అంతా నేర్పేస్తాను బన్నూ, వచ్చే ఏడు నువ్వే రాద్దువుగాని."

"బన్నూ! ఎవరో వచ్చారు చూడు!" అని లోపలినుంచి అమ్మ కేకేసింది. నేను పరిగెత్తాను. కొట్టుకి ఎవరో వచ్చి నన్ను కాపాడినందుకు ఎంత సంతోషపడ్డానో! రెండు బన్నులు ఎక్కువేసి పంపాను.

* * *

ఆఖరి పరీక్ష రోజుకి వానలు పూర్తిగా వెళ్ళిపోయాయి. అమ్మ పిండికట్టు తీసేశారు. కర్ర పట్టుకుని వచ్చి కౌంటరు వెనక కుర్చీలో కూర్చుంటోంది, తన రాజ్యం తను చూసుకుంటూ. హెడ్మాస్టరు బ్రెడ్డు కోసం నిలబడి ఉన్నాడు. వదిన సంచి తగిలించుకుని లోపలినుంచి వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. చదివి వాచాయో, ఏడ్చి వాచాయో తెలియదు.

"వెళ్ళొస్తానత్తయ్యా. ఇవాళే పరీక్ష."

ఆ రోజు అమ్మ గోడని మధ్యవర్తిగా పెట్టలేదు. "నా కూతురు రాయాల్సిన పరీక్ష. రాసిరా. నువ్వు పెద్ద చదువులు చదువుదువుగాని, అది జన్మంతా ఇక్కడ పొట్లాలు కట్టుకుంటుంది" అంది.

వదిన గుమ్మం దిగబోయినది ఆగింది. తర్వాత వెనక్కి వచ్చి, సంచి తీసి కౌంటరు మీద పెట్టి, నా మెడలోంచి ఏప్రన్ తీసి తన మెడలో వేసుకుంది.

"నేను రాయనత్తయ్యా" అంది. కోపంగా అనలేదు, అలిసిపోయి అంది. "రాస్తే పాసవుతాను. పాసైతే ఈ మాట జన్మంతా వినాలి. మీరనకపోయినా నాకు వినిపిస్తుంది. నాకొద్దు. మాస్టారూ, మీకు అంచు మాడిందేనా?"

హెడ్మాస్టరు నావైపు చూశాడు. సగం తల్లిని కదా, ఏదో ఒక మహామాట అంటానని. అప్పుడు కూడా, దేవుడి తోడు, నా మనసులో మొదట వచ్చిన మాట "నా కోసమైనా వెళ్ళు వదినా" అన్నదే. అదీ బాగా ఉండేది. వదిన వెళ్ళేది కూడానేమో. తల ఇంకా వంచుకుని వెళ్ళేది.

"వదినా, నాకది రాదు" అన్నాను.

"ఏది?"

"ఎకనామెట్రిక్స్. ఒక్క ముక్క రాదు. నీ కోసం వదల్లేదు. రాక వదిలేశాను."

అమ్మ కర్ర కుర్చీకి తగిలి కింద పడింది. ఎవరూ తియ్యలేదు.

"ఊరికే అంటున్నావు, నేను వెళ్ళాలని" అంది వదిన.

"కాదు. మేడమ్ అడిగింది కూడా, అర్థంకాక మానేస్తున్నావా అని. సాయంత్రాలు వచ్చి నేర్చుకోమంది. నీకూ వేరే దారి వెతుకుతానంది. నేనే అబద్ధం చెప్పాను. వెళ్ళి అడుగు."

"ఎప్పట్నుంచి రాదు?"

"రెండో క్లాసు నుంచీ."

"మరి ఇన్నాళ్ళూ... ఆ రోజు పెరట్లో అడిగితే ఎందుకు చెప్పలేదు?"

ఏదో ఒక గౌరవమైన కారణం కోసం వెతికాను. దొరకలేదు.

"అందరూ నన్ను మంచిదాన్నంటున్నారు వదినా."

హెడ్మాస్టరు గొడుగు తీసుకుని, బ్రెడ్డు మరిచిపోయి, నెమ్మదిగా గుమ్మం దిగి వెళ్ళిపోయాడు. వదిన నన్ను చూస్తూ నిలబడింది. లెంపకాయ కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆవిడ ఏప్రన్ తీసి, మడిచి, కౌంటరు మీద పెట్టింది. సంచి తగిలించుకుంది.

"నీ బట్టలు తొట్టిలో నానేశాను" అంది. "పోయి ఉతుక్కో."

గుమ్మం దిగి వెళ్ళింది. పరిగెత్తలేదు. వీధి మలుపు దాకా చూశాను. వానలు మొదలైనప్పట్నుంచీ వదిన మెడ నిటారుగా పెట్టుకుని ఆ వీధిలో నడవడం అదే మొదటిసారి చూడటం. పరీక్ష బాగా రాసింది, తర్వాత పీజీలో కూడా చేరింది. నాతో మామూలుగా మాట్లాడటానికి మాత్రం మళ్ళీ వానలు రావలసివచ్చింది.

ఆ రోజు నాన్న అలికిడికి లేచి, కళ్ళు నులుముకుంటూ కొట్లోకొచ్చాడు. ఎంత విన్నాడో తెలియదు. "నేను చూస్తాలే, నువ్వు లోపలికి పో" అని కౌంటరు వెనక నిలబడ్డాడు. అమ్మ కర్ర తీసి చేతికందించాడు. నేను పెరట్లోకి వెళ్ళి తొట్టి ముందు కూర్చున్నాను. చాలా రోజులైంది, చేతులకి అలవాటు తప్పింది. సబ్బునీళ్ళు మోచేతుల దాకా కారుతున్నాయి. ఏడ్చానో లేదో గుర్తులేదు. ఉతికాను మాత్రం.

కర్ర చప్పుడు వంటింటి దాకా వచ్చి ఆగింది. అమ్మ ఏదో అంటుందని చూస్తున్నాను. తిట్టినా సరే, ఓదార్చినా సరే.

"దాని బట్టలు కూడా ఉన్నాయేమో చూడవే" అంది చివరికి. "ఉంటే అవీ ఉతికెయ్యి."

చేతులు తొట్టి అడుగుదాకా పెట్టి దేవాను. వదినది ఒక్కటీ లేదు. అన్నీ నావే.